రేపటికి పనుండాలిగా

కంపెనీల గుమ్మాలెక్కడం, దిగడం ఉద్యోగాలావిడకి కొత్త కాదు. చూపు లేనివాళ్లకీ, వినపడనివాళ్లకీ, కాళ్లు సహకరించనివాళ్లకీ, బుద్ధి నెమ్మదిగా నడిచేవాళ్లకీ ఉద్యోగాలు వెతికిపెట్టడమే ఆవిడ ఉద్యోగం. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆవిడ ఉద్యోగాలావిడే.

ఏ కంపెనీకి వెళ్లినా ముందు మెత్తటి సోఫాలో కూర్చోబెడతారు. చల్లటి నీళ్లిస్తారు. లోపలికి పిలిచి, "మీరు చాలా గొప్ప పని చేస్తున్నారండీ" అంటారు. ఆ మాట చెవిన పడగానే ఇక్కడ ఉద్యోగం లేదని ఆవిడకి అర్థమైపోతుంది. గొప్ప పని అన్నవాడెవడూ ఇంతవరకూ పనిచ్చిన పాపాన పోలేదు. "మాకు మెట్లెక్కువండీ" అంటారు, లిఫ్టుకి ఎదురుగా నిలబడి. "మా స్టాఫు ఇబ్బంది పడతారేమోనండీ" అంటారు, ఆ స్టాఫుని ఒక్క మాటైనా అడక్కుండా. ఒక మహానుభావుడైతే చూపులేని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతనికి చెవులు కూడా లేనట్టు, "ఈయన టీ తాగుతాడా?" అని ఆవిడని అడిగాడు. "కాఫీ తాగుతాను, పంచదార తక్కువ" అన్నాడు ఆ మనిషి. కాఫీ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు.

ఇలాంటివన్నీ దిగమింగడం అలవాటైన మనిషి కాబట్టి, దగ్గు మందు కంపెనీ హెచ్చార్ మేనేజరు మొదటి రోజే "ఎప్పట్నుంచి పంపిస్తారు మేడమ్?" అని అడిగేసరికి తన చెవుల్ని తానే నమ్మలేకపోయింది. అనుమానపడాల్సిన చోట పొంగిపోయింది. పంపాల్సింది సొంత పిన్ని కొడుకునాయె!

పిన్ని కొడుకుని ఇంటిల్లిపాదీ 'పెద్దాయన' అంటారు. చిన్నప్పుడే చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, వచ్చినవాళ్లందర్నీ "ఆరోగ్యం బాగుంటోందా?" అని అడిగేవాడు. ఇప్పుడు ముప్పై దాటాయి, నడకా మారలేదు, ఆ పలకరింపూ మారలేదు. పుట్టుకతోనే బుద్ధి నెమ్మది. నెమ్మదంటే నెమ్మదే, లేకపోవడం కాదు. ఆ తేడా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ బుర్రకెక్కలేదు. పెళ్లిళ్లలో వాణ్ణి ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో ఏదో ఒక తినే వస్తువు పెట్టి, మళ్లీ అటుకేసి చూసేవాళ్లు కాదు.

కంపెనీలో ఇచ్చిన పని చిన్న అట్టపెట్టెలు మడవడం. పిల్లల దగ్గు మందు సీసా పట్టేంత పెట్టెలవి. అట్టలు చదునుగా, కట్టలుగా వస్తాయి. ఒక్కోటీ తీసి గీతల మీద మడిచి, అడుగు రెక్కలు ఒకదాన్లో ఒకటి దూర్చి, మూత తెరిచి ట్రేలో నిలబెట్టాలి. మొదట్లో సగం చింపేవాడు. ఉద్యోగాలావిడ పక్కన కుర్చీ వేసుకుని, విసుక్కోకుండా, చెయ్యి పట్టుకుని నేర్పింది. ఒకరోజు ఉన్నట్టుండి చేతులకి అది పట్టుబడింది. ఇంక చూడాలి పెద్దాయన దర్జా! మూల కాస్త వంకరపోయినా ఊరుకోడు. "వంకరుంటే గాలి దూరుతుందక్కా, మందుకే దగ్గొస్తుంది" అని తన జోకుకి తనే పడీ పడీ నవ్వేవాడు.

అప్పట్నుంచి వీధిలో మందుల షాపు కనిపిస్తే చాలు, ఆగిపోవడమే. దగ్గు మందు చూపించమని అడిగి, పెట్టె తిరగేసి, అడుగు చూసి, "ఇది నేను మడిచిందే" అనేవాడు. షాపువాళ్లు నవ్వేవాళ్లు. ఎవరో తల్లి చంటిపిల్లని ఎత్తుకుని నిలబడితే, "తీసుకోండమ్మా, పెట్టె గట్టిది" అని భరోసా కూడా ఇచ్చాడొకసారి. ఆ తల్లి నిజంగానే తీసుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి వాడు ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. తను చేసింది ఎవరికో అక్కరకొచ్చిందన్నది వాడి జీవితంలో అదే మొదలు.

ఈమధ్య ఒక్కటే ఫిర్యాదు. "అట్ట మెత్తబడిందక్కా. మడత నిలబడట్లేదు" అనేవాడు. మేనేజరుకి కూడా చెప్పాడట. ఆయన బుజం తట్టి, "సప్లయరుతో మాట్లాడతాన్లే నాన్నా" అన్నాడట.

ఇంతలో కంపెనీకి అవార్డు ఖాయమైంది. వికలాంగుల్ని అక్కున చేర్చుకున్న సంస్థలకి ఇచ్చేది. ఆ కమిటీ వాళ్లు వచ్చి కళ్లారా చూస్తారని, ఏర్పాట్లు మాట్లాడదామని ఉద్యోగాలావిడని పిలిచారు. మేనేజరు తేనె పూసిన మాటలు వింటూ సాయంత్రం దాకా కూర్చుంది. గేటు దాటాక చూసుకుంటే గొడుగు లేదు. పెద్దాయన పనిచేసే అద్దాల గదిలో పెట్టి మర్చిపోయినట్టుంది. ఆ గది రిసెప్షన్ పక్కనే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లకి నిండుగా కనపడేలా. పెద్దాయన అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయాడు.

వెనక్కెళ్లి చూస్తే, గదిలో ఊడ్చే ఆవిడ నేలమీద కాళ్లు బారజాపుకుని కూర్చునుంది. పక్కన పెద్దాయన నింపిన ట్రేలు. ఒక్కో పెట్టె అందుకుని, అడుగు రెక్కలు లాగేసి, అరచేత్తో చదును చేసి, పక్కన పేరుస్తోంది. ఓ కట్ట అవగానే రబ్బరు బ్యాండు వేసి, పెద్దాయన బల్ల మీద పెడుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది ఉద్యోగాలావిడ.

"విప్పుతున్నానమ్మా. రోజూ ఉండేదే. ఇది కాక ఇంకా మూడు గదులూడవాలి. నడుం పట్టేస్తోంది."

"ఎందుకు విప్పడం?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసిందావిడ. "మరి ఆ బాబుకి రేపటికి పనుండాలిగా?"

ఊడ్చే ఆవిడ ఆపకుండా చెబుతూనే ఉంది. బాగా నలిగిపోయినవి చెత్తలో వేస్తుందట. నెలకోసారి కొత్త కట్టలొస్తాయట. మందుకి వాడే పెట్టెలు లోపల మెషీనే మడిచేస్తుందట. "పాపం, మంచి బాబమ్మా. వెళ్లేప్పుడు నా ఆరోగ్యం అడిగి మరీ వెళ్తాడు" అంటూ ఇంకో పెట్టె అందుకుని దాని అడుగు లాగేసింది. ఆ చప్పుడు వినలేక ఉద్యోగాలావిడ వాష్ బేసిన్ దాకా పరిగెత్తింది. పొద్దున వాళ్లిచ్చిన బిస్కెట్లతో సహా తిన్నదంతా బయటికొచ్చేసింది. పోనీ, వాళ్లది వాళ్ల దగ్గరే పోయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి తలుపైనా తట్టకుండా వెళ్లింది. ఆయన కంగారుపడలేదు. కుర్చీ చూపించాడు.

"మీరు ఎమోషనల్ అవుతున్నారు మేడమ్. కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించండి. చట్టం ప్రకారం మాకు వికలాంగులు ఇంతమందని ఉండాలి. మీకు ఉద్యోగాలు కావాలి. ఆ అబ్బాయికి కాలక్షేపం కావాలి. ఇందులో నష్టపోయిందెవరు?"

"కాలక్షేపమా? వాడు ఉద్యోగమనుకుంటున్నాడు."

"అనుకోనివ్వండి! అదేగా మనకి కావాల్సింది. మా స్టాఫుకిచ్చిన ట్రైనింగులో మీరే చెప్పారు, ఒత్తిడి లేని పనివ్వమని."

"ఒత్తిడి లేని పనివ్వమన్నాను. పనే కానిది ఇమ్మనలేదు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒంటిమీద బల్లి పడ్డట్టయింది ఆవిడకి. తిట్టే మనిషైతే తిరిగి తిట్టొచ్చు. ఇంత మర్యాదగా కుళ్లిపోయినవాణ్ణి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నిజం పని ఏదైనా ఇవ్వమంది. లోపల ప్యాకింగు లైనులో వేస్తే అక్కడి ఆడవాళ్లు ఒప్పుకోరనీ, లైను ఆగిపోతుందని గొడవ చేస్తారనీ చెప్పాడాయన.

ఉద్యోగాలావిడ లేచి నేరుగా ఆ లైను దగ్గరికే నడిచింది. తలకి టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు వరసగా నిలబడి, కదిలే బెల్టు మీద వస్తున్న సీసాలకి కొలత మూతలు తొడుగుతున్నారు. లైను సూపర్‌వైజరు గట్టి గొంతు మనిషి. విషయం విని బెల్టు చప్పుడుకి మించి అరిచింది.

"మేం ఒప్పుకోలేదా? ఎవరన్నారు? మమ్మల్నడిగితే కదా ఒప్పుకోవడానికైనా, మానడానికైనా! మూతలేసే చోట ఎప్పుడూ చెయ్యి తక్కువే. మొదట నెమ్మదిగా చేస్తాడు, తర్వాత అలవాటవుతుంది. నేనొచ్చిన కొత్తలో నాకేం వచ్చని?"

"మరి అద్దాల గదిలో అతనేం చేస్తున్నాడనుకున్నారు?"

"పెద్దవాళ్లు పట్టుకొచ్చారు కదా, ఏదో ఆఫీసు పనిచ్చారనుకున్నాం."

ఉద్యోగాలావిడ ఆ ముక్క పట్టుకుని మళ్లీ మేనేజరు దగ్గరికొచ్చింది. ఈసారి ఆయన నవ్వు కాస్త సన్నబడింది. "ముందు అవార్డు వాళ్లు వచ్చి వెళ్లనివ్వండి మేడమ్. ప్యాకింగులోకి అంతమంది బయటివాళ్లని, కెమెరాలతో రానివ్వరు. అతను అక్కడుంటే వాళ్లకి ఎలా కనపడతాడు? తర్వాత చూద్దాం." ఆ 'చూద్దాం' ఎంత దూరం వెళ్తుందో ఆవిడకి తెలుసు. ఇన్నేళ్లుగా ఆ మాట మీదే కదా చెప్పులరిగాయి!

ఆ సాయంత్రం పిన్ని ఇంటికెళ్లింది. పిన్ని వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. పెద్దాయన స్నానాల గదిలో పాడుకుంటున్నాడు. గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే పిన్ని కత్తిపీట పక్కకి జరిపింది.

"తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"ఆ మేనేజరు మొదటి నెల్లోనే ఫోన్ చేసి చెప్పాడు. మీకేం అభ్యంతరం లేదుగా అనడిగాడు. లేదన్నాను."

"మందుల షాపులో వాడు పెట్టె తిప్పి చూపిస్తుంటే పక్కనే నిలబడి నవ్వావు కదా పిన్నీ! ఎలా నవ్వావు?"

"నవ్వాను. ఏం చెయ్యమంటావు? ముప్పై ఏళ్లు ఈ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు తెల్లారకముందే లేచి బూట్లు తుడుచుకుంటున్నాడు. అది అబద్ధమైతే నాకేంటి, నిజమైతే నాకేంటి? నీకు అసలు పనే కావాలి. ఆ అసలు పని వాడికెవడిచ్చాడే ఇన్నాళ్లూ? నువ్వే తిరిగావుగా, ఇప్పించావా?"

ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సిన చోటే తగిలింది. పిన్ని మీద అసహ్యం పుట్టింది. పుట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది. తల్లిని అసహ్యించుకోవడం తేలిక. ఆ తల్లికి అంతకన్నా మంచి దారి చూపించలేకపోయిన మనిషి ఎదురుగానే నిలబడి ఉంది మరి.

"వాడికి చెప్పావంటే మాత్రం నా గుమ్మం తొక్కకు" అంది పిన్ని. ఇంతలో పెద్దాయన తల తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, ఆరోగ్యం బాగుంటోందా?" అన్నాడు.

బాగుందని చెప్పి వచ్చేసింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. మేనేజరుకి తెలుసు. తల్లికి తెలుసు. ఊడ్చే ఆవిడకి తెలుసు. ఇప్పుడు తనకీ తెలుసు. తెలియనిది ఆ పెట్టెలు మడిచినవాడికొక్కడికే. వాడి చుట్టూ ఇంతమంది చేరి, వాడికోసమేనంటూ, వాణ్ణి ఆటబొమ్మని చేశారు. నోరు మూసుకుంటే తనూ ఆ గుంపులో మనిషే. వాడు చంటిపిల్లాడు కాదు, మీసమున్న మగాడు.

అవార్డు వాళ్లు వచ్చే రోజు పొద్దున పెద్దాయనతో పాటు బస్సెక్కింది. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిటికీ పక్కన నిటారుగా కూర్చున్నాడు. ఆవిడ చెప్పేసింది. తిప్పితిప్పి కాదు, ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రం విప్పుతారని, పొద్దున మళ్లీ అవే ఇస్తారని.

పెద్దాయన చాలాసేపు ముందు సీటు కడ్డీ కేసి చూశాడు.

"అన్నీనా?" అన్నాడు.

"అన్నీ."

"మొదటి రోజువి కూడానా?"

"అవి కూడా నాన్నా."

"మరి షాపుల్లో ఉన్నవి?"

"అవి మెషీను మడిచినవి."

వాడు తలూపాడు. కిటికీలోంచి ఒక మందుల షాపు వెనక్కెళ్లిపోయింది. దానికేసి చూసి, "మెషీను బాగా మడుస్తుంది" అన్నాడు. ఉద్యోగాలావిడ మొహం తిప్పుకుని కళ్లొత్తుకుంది. దిగి ఇంటికెళ్లిపోదామా అని అడిగింది.

"వద్దక్కా. చెప్పకుండా మానేస్తే బాగోదు" అన్నాడు పెద్దాయన.

అద్దాల గదిని ఆ రోజు పెళ్లికూతుర్ని చేసినట్టు ముస్తాబు చేశారు. బల్ల మీద పూలు. గోడ మీద పెద్దాయన నవ్వుతున్న ఫొటో, కింద 'మా ప్రత్యేక మిత్రుడు' అన్న అక్షరాలు. కమిటీ వాళ్లు వచ్చారు. వాళ్ల అధ్యక్షురాలు గదిలోకి అడుగుపెడుతూనే జాలి మొహం పెట్టేసుకుంది. ఆసుపత్రిలో ఎవరినో చూడ్డానికొచ్చినట్టుంది వాలకం. వెనకే కంపెనీ పెద్దలు, వాళ్ల వెనక ఫొటోగ్రాఫరు.

"ఇతనే మేడమ్, మా కుటుంబసభ్యుడు" అన్నాడు మేనేజరు. "ఏదీ నాన్నా, మేడమ్ గారికి ఒక పెట్టె మడిచి చూపించు."

పెద్దాయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మేనేజరు మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకా ముద్దుగా. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"సార్, నిన్న మడిచినవి ఏవి?"

"షాపులకెళ్లిపోయాయి కదా!"

"వెళ్లలేదు సార్. విప్పేశారు. విప్పి మళ్లీ నాకే ఇస్తున్నారు. అందుకే అట్ట మెత్తబడింది." ఒక్కో మాటా ఆగి ఆగి, కూడబలుక్కుని చెప్పాడు. "ఇది పని కాదు సార్. ఉత్తిదే. నేను రేపట్నుంచి రాను. మీకు చెప్పి వెళ్దామని వచ్చాను."

అమ్మయ్య, అనేశాడు. ఇంక వీళ్లు తలెక్కడ పెట్టుకుంటారో చూడాలనుకుంది ఉద్యోగాలావిడ.

అధ్యక్షురాలు రుమాలు తీసి కళ్లద్దుకుంది. "ఎంత చక్కగా మాట్లాడాడండీ!" అంది. "ఎంత ఆత్మవిశ్వాసం! సొంత అభిప్రాయం!" అని చప్పట్లు మొదలుపెట్టింది. వెంటనే అందరూ అందుకున్నారు. అందరికన్నా గట్టిగా మేనేజరు కొట్టాడు. "మా దగ్గర వీళ్లకి పూర్తి స్వేచ్ఛ మేడమ్. ఏదనిపిస్తే అది చెప్పొచ్చు" అన్నాడు మెరుస్తున్న మొహంతో.

"ఏం చెప్పాడో విన్నారా మీరు?" ఉద్యోగాలావిడ అరిచింది. "మానేస్తున్నానంటున్నాడు! మిమ్మల్ని మొహం మీదే తప్పుపట్టాడు!"

"విన్నామండీ, విన్నాం. అద్భుతం!" అధ్యక్షురాలు వచ్చి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "ఇదంతా మీ పెంపకమేనటగా. మీరు చాలా గొప్ప పని చేస్తున్నారు." ఆ చేతులు మెత్తగా, వెచ్చగా, సెంటు వాసనేస్తూ ఉన్నాయి. ఉద్యోగాలావిడ విదిలించుకుని, అరచేతులు కొంగుకి తుడుచుకుంది. ఎంత తుడిచినా జిడ్డు వదల్లేదు. ఈ మనుషుల్ని తిట్టినా కరిగిపోతారు, ఉమ్మినా మెచ్చుకుంటారు. వాడేమన్నాడన్నది వాళ్లకి అక్కర్లేదు, నోరు విప్పి ఏదో అన్నాడన్నదే చాలు.

చప్పట్లు ఆగడం లేదు. మధ్యలో నిలబడ్డ పెద్దాయన ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నాడు, ఎవరైనా జవాబు చెబుతారేమోనని.

ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటూ ముందుకొచ్చాడు. "సారీ సార్, ఫొటో సరిగ్గా పడలేదు. ఆ మాట మళ్లీ ఒక్కసారి, ఇటు చూసి అంటారా?"

పెద్దాయన ఉద్యోగాలావిడ కేసి తిరిగాడు.

"మళ్లీ అనాలా అక్కా? నేనన్నది కూడా అప్పుడే విప్పేశారా?"